అలీ తిరిగిన చోటు

అలిపిరి అనే పేరుకు మా ఊళ్ళో రెండు కథలు చెబుతారు.

ఒకటి అందరికీ తెలిసిందే. అలీ అనే తురక సర్దారు ఒకడు దండుతో వచ్చాడట, కొండమీది గుడిని కొల్లగొట్టాలని. సరిగ్గా కొండ మొదట్లోకి వచ్చేసరికి ఆయనకు కళ్ళు కనిపించకుండా పోయాయట. భయపడి వెనక్కి తిరిగాడట. 'అలీ ఫిరా' అన్నారట వెంట వచ్చిన సిపాయిలు. ఆ మాటే అలిపిరి అయిందట. ఈ అలీ ఎవరయ్యా అంటే ఒకరు గోల్కొండవాడంటారు, ఒకరు ఆర్కాటు నవాబు మనిషంటారు, ఇంకొకరు ఏకంగా హైదరాలీ అనేస్తారు. ఏ సంవత్సరం, దండు ఎంత, చూసి రాసినవాడెవడు అని అడిగితే జవాబుండదు.

రెండో కథ చింతచెట్టుది. తమిళంలో అడి అంటే పాదం, పుళి అంటే చింత. కొండ పాదం దగ్గరున్న చింతచెట్టు వల్ల ఈ చోటు అడిపుళి అయిందనీ, జనం నోట్లో నలిగి అలిపిరి అయిందనీ పండితులు చెబుతారు. రామానుజులవారు తమ మేనమామ తిరుమల నంబి దగ్గర ఏడాదిపాటు రామాయణం పాఠం విన్నది ఇక్కడేనని వైష్ణవ సంప్రదాయం. రెంటిలో చింతచెట్టు కథే నమ్మదగ్గది. బళ్ళో పిల్లలు చెప్పుకునేది మాత్రం అలీ కథే. చెట్టు కథలో గుర్రాలు లేవు కదా.

మా అబ్బ జట్కా తోలేవాడు. రైల్వే స్టేషన్లో యాత్రికుల్ని ఎక్కించుకుని, అలిపిరిలో పాదాల మండపం దగ్గర దించి, బండి వెనక్కి తిప్పుకునేవాడు. రోజుకు నాలుగు సార్లో అయిదు సార్లో. బ్రహ్మోత్సవాలప్పుడైతే లెక్కలేదు. ఆయన పేరులోనూ అలీ ఉంది. అయిదో తరగతిలో నా పక్కన కూర్చునేవాడు ఈ కథ చెప్పి, "మీవోడే గదరా పారిపోయింది" అన్నప్పుడు నేను చాలాసేపు ఆలోచించి, "ఔను, మా అబ్బ దినామూ తిప్పుకుంటాడు గదా" అన్నాను. నిజంగా మా అబ్బ గురించే అనుకున్నాను. క్లాసంతా నవ్వింది. ఎందుకు నవ్వారో అర్థం కావడానికి ఇంకో నాలుగైదేళ్ళు పట్టింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఈ నెల నవల ఎంచే వంతు నాది.

మేం ఆరుగురం. అందరం ఉద్యోగాలు ముగించుకున్నవాళ్ళమే. నెలకో నవల చదివి, చివరి ఆదివారం సాయంత్రం మా మిద్దెమీద కూర్చుని మాట్లాడుకుంటాం. ఎదురుగా కొండ, దీపాల వరస, మెట్లెక్కే జనం గోవిందలు. ఈ సంవత్సరం చారిత్రక నవలలే చదవాలని తీర్మానించుకున్నాం. మిగతావాళ్ళకు ఎంపిక తేలిక. పుస్తకం దొరుకుతుందా, పేజీలెన్ని, అచ్చు చిన్నదా పెద్దదా, ఇంతే. నేను మాత్రం చారిత్రక నవల చేతికి రాగానే మొదట వేరే పని చేస్తాను. గబగబా పేజీలు తిప్పి మా పేరు ఎక్కడొస్తుందో చూస్తాను. ఖాను, షా, తురుష్క, మ్లేచ్ఛ, యవన. ఆ మాట దొరికిన చోట ఆగి, ముందూ వెనకా పది పంక్తులు చదువుతాను. చీకట్లో ఇంట్లోకి వెళ్ళేవాడు ముందు కాలితో తడిమి చూసుకున్నట్టు. పదిహేనేళ్ళప్పటి నుంచీ నాకిది అలవాటు. నా పక్కన కూర్చునే మిత్రులకు ఈ అలవాటు లేదు, అవసరం రాలేదు. మేం ఆరుగురం ఒకే పుస్తకం చదువుతాం. ఒకే నవల చదువుతామా అన్నది నా అనుమానం.

తెలుగులో తొలి చారిత్రక నవలగా చెప్పుకునే చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి 'హేమలత' 1896 నాటిది. ఆ తరం మీద కల్నల్ టాడ్ నీడ చాలా పెద్దది. రాజపుత్రుల గురించి ఆ ఇంగ్లీషు అధికారి రాసిన పుస్తకం 1829-32 మధ్య వచ్చింది. రాజపుత్రుడు వీరుడు, తురుష్కుడు దుర్మార్గుడు, రాణులు చితిలో దూకుతారు. ఈ మూడూ కలిపితే కథ. బెంగాలీలోకి వెళ్ళింది, మరాఠీలోకి వెళ్ళింది, మనకూ వచ్చింది. చిలకమర్తివారే 'రాజస్థాన కథావళి' రాశారు. గోదావరి ఒడ్డున కూర్చుని చిత్తోడు కోట కోసం కన్నీరు పెట్టుకోవడం మనకు అలా అలవాటయింది. ఆ కోట గోడల్ని చూసినవాళ్ళు ఇక్కడ ఎందరున్నారో గాని, ఆ కోపం మాత్రం పక్కింటి సాయిబు మీదికి వచ్చేది.

ఆ తర్వాత 1906లో విజ్ఞాన చంద్రికా మండలి. దానిని తక్కువ చేసి మాట్లాడే కృతఘ్నత నాకు లేదు. తెలుగువాడికి సైన్సూ చరిత్రా తెలుగులో చదువుకునే అదృష్టం కలిగించింది కొమర్రాజు లక్ష్మణరావు గారూ వారి మిత్రులూ. నవలలకు పోటీలు పెట్టి బహుమతులిచ్చారు. చారిత్రక నవల మనకు ఒక ప్రక్రియగా స్థిరపడింది ఆ పోటీలవల్లనే. కాని లక్ష్మణరావు గారి చరిత్ర గ్రంథాల పేర్లు చూడండి: 'హిందూ మహాయుగము', 'మహమ్మదీయ మహాయుగము'. ఈ విభజన వారిది కాదు. 1817లో జేమ్స్ మిల్ అనే ఆయన, ఇండియా గడప తొక్కకుండానే, ఇండియా చరిత్ర రాస్తూ కాలాన్ని హిందూ యుగం, మహమ్మదీయ యుగం, బ్రిటిష్ యుగం అని మూడు ముక్కలు చేశాడు. తమ యుగాన్ని మాత్రం క్రైస్తవ యుగం అనలేదు, గమనించండి. ఆ కత్తిరింపే బడి పుస్తకమయింది, బడి పుస్తకం నవలయింది.

ఇక మా రాయలసీమకు సంబంధించిన పుస్తకం 1900లో వచ్చింది. రాబర్ట్ సూయల్ అనే కలెక్టరు విజయనగరం మీద రాసింది. దక్షిణాన హిందూ ధర్మానికి ముస్లిం దండయాత్రలనుంచి అడ్డుగోడగా రెండు శతాబ్దాలకు పైగా నిలిచిన రాజ్యం అని ఆయన చెప్పాడు. అడ్డుగోడ అన్న మాట మనవాళ్ళకు ఎంత నచ్చిందో! విజయనగరం మీద తెలుగులో వచ్చిన నవలల్లో, నాటకాల్లో, సినిమాల్లో చాలావాటికి ఆ గోడే పునాది. తమాషా ఏమిటంటే, అదే పుస్తకంలో వెనకవైపు సూయల్ పేస్, నూనిజ్ అనే ఇద్దరు పోర్చుగీసువాళ్ళ కథనాలు అనువదించి వేశాడు. ముందువైపు కట్టిన గోడను ఆ వెనక పేజీలే చాలాచోట్ల పడగొడతాయి. నవలాకారులు ముందు పేజీలు శ్రద్ధగా చదివారు.

మా మిద్దెమీద ఆ ఆదివారం చర్చకొచ్చిన పేర్లు చెబుతాను.

ఒకాయన అడివి బాపిరాజు గారి 'గోన గన్నారెడ్డి' అన్నాడు. నాకేం అభ్యంతరం లేదు, రుద్రమదేవి కాలం, మా గొడవ లేదు. శత్రువుగా కూడా అక్కడ మాకు చోటు లేదు. హాయిగా చదువుకోవచ్చు. ఇంకొకాయన విశ్వనాథవారి 'ఏకవీర' అన్నాడు. అది మధుర నాయకుల కాలం. రిటైరైన తెలుగు మాస్టారు తెన్నేటి సూరి 'చెంఘిజ్ ఖాన్' పేరు చెప్పి, నావైపు తిరిగి, "ఇదైతే నీక్కూడా సంతోషం గదప్పా" అన్నారు. ప్రేమతోనే అన్నారు. నేను నవ్వాపుకోలేకపోయాను. చెంఘిజ్ ఖాన్ ముస్లిం కాదు మాస్టారూ. ఖాన్ అన్నది మంగోలుల బిరుదు. 1220లో బుఖారానూ సమర్ఖండునూ పట్టుకుని నాశనం చేసినవాడు. ఆయన మనవడు హులాగు 1258లో బాగ్దాదును తగలబెట్టి ఖలీఫాను చంపించాడు. మా వాళ్ళు ఏడు శతాబ్దాలుగా తిట్టుకుంటున్న మనుషులు వీళ్ళు. మాస్టారు నొచ్చుకున్నారు. నలభై ఏళ్ళు ఆ నవలను పిల్లలకు చెప్పినవారు. మంచి నవల కాదని నేననలేదు. మన భాషతో, మన మతాలతో ఏ సంబంధమూ లేని ఒక మనిషిని, ప్రపంచం రాక్షసుడన్న మనిషిని, పేదరికంలోంచి లేచిన నాయకుడిగా ఒక తెలుగు రచయిత చూడగలిగాడు. అంత దూరం వెళ్ళి చూడగల చూపు, బీజాపూరు దాకా ఎందుకు రాలేకపోయింది? దూరంవాడి మీద దయ చూపడం సులువు కాబోలు.

మావైపు తప్పు లేదని కూడా అనను. మా ఇంట్లో ఉర్దూ చారిత్రక నవలలుండేవి. అబ్దుల్ హలీం షరర్ 1880లలో మొదలుపెట్టాడు. స్కాట్ నవలల్లో ముస్లింలను చూపిన తీరుకు రోషం వచ్చి, ముస్లిం వీరుడూ క్రైస్తవ సుందరీ కథలతో జవాబు రాశాడు. తర్వాత నసీం హిజాజీ. టిప్పు సుల్తాను మీద రాసిన 'ఔర్ తల్వార్ టూట్ గయీ' అట్ట ఊడిపోయేదాకా మా చిన్నాన్న చదివాడు. అక్కడ వీరులందరూ మావాళ్ళే, మోసగాళ్ళు పరాయివాళ్ళు, లేకపోతే అమ్ముడుపోయిన మావాళ్ళు. టాడ్‌ను తిరగేసి కుట్టిన చొక్కా. అందులో టిప్పు శృంగేరి మఠానికి రాసిన ఉత్తరాల టిప్పు కాడు, కత్తి పట్టిన బొమ్మ మాత్రమే. చిన్నప్పుడు అవి చదివి ఛాతీ విరుచుకున్నవాణ్ణే నేను. బళ్ళో ఓడిపోయి ఇంట్లో గెలిచేవాణ్ణి.

చివరికి మాట విజయనగరం మీదికి మళ్ళింది. మళ్ళకుండా ఎలా ఉంటుంది? పదిహేను కిలోమీటర్లలో చంద్రగిరి కోట, తల ఎత్తితే రాయలవారు ఏడుసార్లు వచ్చిన కొండ. మా బ్యాంకు మిత్రుడు తళ్ళికోట మీద ఏదైనా చదువుదామన్నాడు. "మీవాళ్ళందరూ కలిసి కూల్చారు గదా, నువ్వేమంటావో వినాలనుంది" అన్నాడు. మీవాళ్ళు! యాభై ఏళ్ళ స్నేహంలో ఆ మాట ఎప్పుడూ కోపంతో రాలేదు. కోపంతో వచ్చినా బాగుండేది, తిట్టి ఊరుకునేవాణ్ణి.

అతనికి ఆ పూట సరిగా జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

తిరుమల గుళ్ళో కృష్ణదేవరాయల విగ్రహం ఉంది. తిరుమలదేవి, చిన్నాదేవి అటూ ఇటూ. హిందువులు కానివాళ్ళు గుళ్ళోకి వెళ్ళాలంటే విశ్వాసం ఉందని డిక్లరేషన్ రాసివ్వాలి. నేను రాయలేదు, వెళ్ళలేదు. కాబట్టి ఫోటోలోనే చూశాను. రాయలవారు చేతులు జోడించి నిలబడి ఉంటారు. పైన చొక్కా లేదు, దేవుడి ముందు కదా, పంచె మాత్రం. తలమీద మాత్రం ఒక పొడవాటి టోపీ ఉంది. ఆ టోపీ పేరు కుళ్లాయి. పారసీ మాట కులాహ్ నుంచి వచ్చింది. విజయనగర కొలువులో దానితోపాటు వేసుకునే పొడుగు అంగీ పేరు కబాయి. అది అరబ్బీ మాట కబా. శ్రీనాథుడంతటివాడు కర్ణాట ప్రభువు కొలువుకు వెళ్ళడానికి కుళ్లాయి పెట్టుకోవలసి వచ్చిందని చాటువు ఉంది. ఫిలిప్ వాగనర్ అనే చరిత్రకారుడు 1996లో ఈ టోపీ మీదా అంగీ మీదా వివరంగా రాశాడు. హంపీ శిల్పాల్లోనూ లేపాక్షి బొమ్మల్లోనూ పెద్దమనుషులందరూ ఈ దుస్తుల్లోనే ఉంటారు.

1513 ఫిబ్రవరి 10న రాయలవారు మొదటిసారి తిరుమల వచ్చినప్పుడు దేవుడికి నవరత్న కిరీటం సమర్పించారు. శాసనం ఉంది. కిరీటం దేవుడికిచ్చి తాను కుళ్లాయితో నిలబడ్డ రాజు ఆయన. మన నవలల అట్టమీదా సినిమాల్లోనూ మాత్రం ఆ టోపీ తీసేసి కిరీటం పెట్టారు. టోపీ ఆయనకు సిగ్గనిపించలేదు. నాలుగు వందల ఏళ్ళ తర్వాత మనకు సిగ్గేసింది.

బిరుదుల సంగతి కూడా అంతే. విజయనగర రాజులు 14వ శతాబ్దం నుంచి 'హిందూరాయ సురత్రాణ' అని చెప్పుకున్నారు. సురత్రాణుడంటే సుల్తాను. హిందూ రాజుల్లో సుల్తానని గొప్పగా రాయించుకున్నారు. కృష్ణదేవరాయలు బహమనీ సుల్తానును మళ్ళీ గద్దెమీద కూర్చోబెట్టి 'యవనరాజ్య స్థాపనాచార్య' అయ్యాడు. యవనరాజ్యాన్ని స్థాపించిన ఆచార్యుడు! అడ్డుగోడ ఇలాంటి బిరుదు పెట్టుకుంటుందా?

రెండో దేవరాయలు (1424-46) ముస్లిం విలుకాండ్రను సైన్యంలో చేర్చుకుని, జాగీర్లిచ్చి, వాళ్ళు తనకు సలాం చెయ్యడానికి మతం అడ్డురాకుండా సింహాసనం ముందు ఖురాను పెట్టించాడని ఫిరిష్తా రాశాడు. ఫిరిష్తా మాట ఎందుకు నమ్మాలంటారేమో. హంపీకి వెళ్ళి చూడండి. అహమ్మద్ ఖాన్ అనే ఉద్యోగి 1439లో కట్టించిన మసీదు ఉంది. రాజుగారి పుణ్యం కోసం కట్టించానని కన్నడ శాసనం వేయించాడు. మసీదుకు ధర్మశాల అని పేరు పెట్టాడు. రాజు హిందువు, కట్టినవాడు ముస్లిం, కట్టడం మసీదు, రాసిన మాట ధర్మశాల, కోరిన ఫలం పుణ్యం. కట్టడమూ శాసనమూ కలిపి ఒక నవలకు సరిపడా సామగ్రి.

1520లో రాయచూరు దగ్గర రాయలవారు ఇస్మాయిల్ ఆదిల్షాను ఓడించారు. పెద్ద గెలుపే. ఆ రోజుల్లోనే విజయనగరం వచ్చిన పేస్, మహర్నవమి తర్వాత జరిగే సైన్య ప్రదర్శనను వర్ణించాడు. ఆ వరసల్లో డాళ్ళూ ఈటెలూ తుర్కీ విళ్ళూ పట్టుకున్న ముస్లింలు కూడా ఉన్నారని, వాళ్ళను మరచిపోకూడదని ప్రత్యేకించి రాశాడు. ఎక్కడో లిస్బను వైపు నుంచి వచ్చినవాడికి గుర్తుంది.

తళ్ళికోట. 1565 జనవరి. దీని దగ్గర నేను జాగ్రత్తగా మాట్లాడాలి. నగరాన్ని దోచారు, గుళ్ళు పగలగొట్టారు. అది నిజం. హంపీలో ముక్కు చెక్కిన విగ్రహాన్ని చూసి తల దించుకున్నవాణ్ణి నేను. యుద్ధం మధ్యలో ఇద్దరు ముస్లిం సేనానులు రామరాయలకు ద్రోహం చేశారని కూడా 1567లో ఆ నగరంలో ఉన్న ఇటలీ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ రాశాడు. నవలలకు ఈ ఇద్దరూ చాలు. కాని రెండో దేవరాయల కాలం నుంచి నూట ఇరవై ఏళ్ళపాటు ద్రోహం చెయ్యకుండా ఆ రాజ్యం కోసం చచ్చిన విలుకాండ్రు? వాళ్ళ పేరు ఎవరికీ తెలియదు. నమ్మకంగా పనిచేసినవాడి మీద కథ పుట్టదు.

ఆ సుల్తానులు ఎవరో కూడా చెప్పుకోవాలి. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్షా రాజ్యం దక్కకముందు ఏడేళ్ళు విజయనగరంలో రామరాయల ఆశ్రయంలో బతికినవాడు. తెలుగు నేర్చుకున్నాడు, తెలుగు కవులకు మల్కిభరాముడయ్యాడు. అద్దంకి గంగాధరకవి 'తపతీసంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితం. ఆయన సర్దారు అమీన్ ఖాన్‌కు పొన్నెగంటి తెలగన 'యయాతి చరిత్ర' అంకితమిచ్చాడు. తొలి అచ్చతెలుగు కావ్యం ఒక ఖానుగారి చేతిలో పడింది, ఇది ఏ గోడకు ఎటువైపు పెడతారు? ఇక బీజాపూరు అలీ ఆదిల్షా. రామరాయల కొడుకు పోతే పరామర్శకు కొద్దిమంది గుర్రపువాళ్ళతో విజయనగరం వెళ్ళాడు. రామరాయల భార్య ఆయన్ను కొడుకుగా చేసుకుందని ఫిరిష్తా చెబుతాడు. ఏడేళ్ళు తిరక్కుండా ఆ కొడుకే తళ్ళికోటలో ఎదుటి పక్షాన నిలబడ్డాడు. అన్నం తిన్న ఇంటిమీదికి కత్తి తీసినవాళ్ళ కథ ఇది. కుటుంబాల కథ, రాజ్యాల దురాశ కథ, రామరాయల అహంకారం కథ కూడా. వీటిలో దేనితోనైనా గొప్ప నవల వస్తుంది. మతాన్ని ఒక్కదాన్నే పట్టుకుంటే మిగతావన్నీ జారిపోతాయి.

1600 ప్రాంతంలో వచ్చిన 'రాయవాచకం' మూడు సింహాసనాలు లెక్కపెడుతుంది. నరపతి, గజపతి, అశ్వపతి. మనుషుల బలం, ఏనుగుల బలం, గుర్రాల బలం. మొఘలు పాదుషా అశ్వపతి. అదే పుస్తకంలో తురకలను తాగుబోతులని ఈసడించే మాటలూ ఉన్నాయి, దాచను. తిట్టుకుంటూనే మూడో పీట వేశారు.

మా కొండ సంగతే చూద్దాం. చంద్రగిరి 1646లో గోల్కొండవారి చేతికి పోయింది. 1687లో గోల్కొండ పడిపోయేదాకా ఈ సీమ వాళ్ళదే. తర్వాత ఆర్కాటు నవాబులు. అంటే అలీలు కళ్ళు పోయి వెనక్కి తిరగలేదు, వచ్చి ఉన్నారు. గుడి ఆదాయంలోంచి గట్టిగా పైకం లాగారు, ఆ ఆదాయాన్నే కంపెనీ అప్పు కింద రాసిచ్చారు, 1801లో కంపెనీవాళ్ళే నేరుగా పెత్తనం తీసుకున్నారు. దేవుడి సొమ్ము తినడంలో నవాబుకూ దొరకూ తేడా లేదు. పూజలు ఆగలేదు. ఆర్కాటు నవాబు సాదతుల్లాఖాన్ కొలువులో పనిచేసిన తోడరమల్లు, తల్లితో భార్యతో సహా, ఇప్పటికీ తిరుమల గుళ్ళో రాగి విగ్రహమై దండం పెడుతూ నిలబడి ఉన్నాడు.

గుడిలో ఉద్యోగాల పేర్లు వినండి. పేష్కారు పారసీ మాట. పారుపత్తేదారులో దారు పారసీది. అర్చకుల మిరాసీ 1987 చట్టంతో రద్దయిందని ఊరంతా గొడవపడింది గాని, మిరాసీ అన్నది మీరాస్ అనే అరబ్బీ మాటేనని ఎవరికీ తట్టలేదు. వారసత్వం అని అర్థం. మా వారసత్వం అనే మాట గర్భగుడి గడప దాకా వెళ్ళింది. మాట వెళ్ళింది, మనుషులం అలిపిరి దగ్గర బండి తిప్పుకున్నాం.

చరిత్రకెక్కిన అలీలు మా వైపు నిజంగానే ఇద్దరున్నారు. ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ 1740 మే నెలలో దామలచెరువు కనుమ దగ్గర మరాఠాలతో పోరాడి చనిపోయాడు. హైదరాలీ 1782 డిసెంబరు 7న చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులో రాచపుండుతో చనిపోయాడు. ఇద్దరూ ప్రాణంతో వెనక్కి తిరగలేదు. తిరిగాడని ఊరు చెప్పుకునే అలీ మాత్రం ఏ పుస్తకంలోనూ లేడు. ఆశ్చర్యమేమంటే, అలీని తరిమిన ఈ జనమే దేవుడికి ఒక తురక పిల్లను భార్యగా తెచ్చారు. బీబీ నాంచారి. దేవుని కడపలో ఉగాదినాడు ముస్లింలు గుడికి వెళ్ళి, మా ఇంటి అల్లుడని దండం పెట్టుకుంటారు. మంగళవారం అష్టదళ పాదపద్మారాధనలో వాడే 108 బంగారు పూలు 1984లో గుంటూరు వైపు ముస్లిం భక్తుడొకాయన ఇచ్చినవే. జనం కథకు రెండు చేతులుంటాయి. నవల ఎందుకో తరిమే చేతినే అందుకుంది.

ఇంకొక్కడి పేరు చెప్పి ముగిస్తాను. గన్నమ నాయకుడు. కాకతీయ ప్రతాపరుద్రుడి సేనాని. మారన 'మార్కండేయ పురాణం' అంకితం పుచ్చుకున్న గన్నసేనాని ఈయనేనంటారు. 1323లో ఓరుగల్లు పడినప్పుడు పట్టుబడి ఢిల్లీ వెళ్ళి, ముస్లిమై, మాలిక్ మక్బూల్ అయ్యాడు. ఫిరోజ్ షా తుగ్లక్‌కు వజీరయ్యాడు. ఢిల్లీవాళ్ళు ఆయన్ను తిలంగానీ అన్నారు. నిజాముద్దీన్ దర్గా దగ్గర ఆయన సమాధి ఉంది, ఎనిమిది పలకల గుమ్మటం. ఢిల్లీని నడిపించిన తొలి తెలుగువాడు ఎవరని పిల్లలకు క్విజ్ పెడితే ఈయన పేరు చెప్పరు. అక్కడ ఆయన తిలంగానీ, ఇక్కడ తురక. ఎవరు రాస్తారు ఆయన నవల?

సరే, ఎంపిక. మిత్రులందరూ నేను 'చిల్లర దేవుళ్ళు'నో, జీలానీ బానో 'ఐవాన్-ఎ-గజల్'నో చెబుతాననుకున్నారు. నేను కేతవరపు వెంకటశాస్త్రి గారి 'రాయచూరు యుద్ధము' అన్నాను. విజ్ఞాన చంద్రికవారి కాలపు నవల, నేనింకా చదవలేదు. అందరూ ఆశ్చర్యపోయారు. "నీకు కష్టంగా ఉంటుందేమో" అన్నారు మాస్టారు మెల్లగా. ఉంటే ఉంటుంది మాస్టారూ. ఇన్నేళ్ళూ ఆ పది పంక్తులు నేనొక్కణ్ణే గొంతులో మింగుతూ చదివాను. ఈసారి అందరూ ఉన్నప్పుడు పైకి చదువుతాను. ఒక్కటే షరతు పెట్టాను. నవలతోపాటు పేస్ రాసిన సైన్యం వర్ణన కూడా ఆరుగురం చదివి రావాలి. అంతా కలిపి నాలుగు పేజీలు ఉండదు. బ్యాంకు మిత్రుడు కాసేపు ఊరుకుని, జిరాక్సులు తానే తీయిస్తానన్నాడు.

తీయించి నిన్ననే తెచ్చాడు. పైన కాగితంగా ఎక్కడిదో తిరుమల విగ్రహం ఫోటో పెట్టాడు, రాయలవారిది, కుళ్లాయితో. నేను ఇంట్లో లేను. మా అమ్మ తీసుకుంది. ఎనభై దాటిన మనిషి, చదువు రాదు. సాయంత్రం నేను వచ్చేసరికి అద్దాలు పెట్టుకుని ఆ బొమ్మనే చూస్తోంది.

"యే టోపీవాలే కౌన్? అప్నే లోగాఁ క్యా?" అంది.

రాయలవారమ్మా, కొండమీద ఉంటారు, అన్నాను.

ఇంకోసారి చూసింది. మీ అబ్బ పండగకు పెట్టుకునే టోపీ ఇంత పొడుగుండేది కాదు అని, కాగితాలు జాగ్రత్తగా దులిపి నా చేతికిచ్చింది.